పదకొండో వీథి ఆస్పత్రి

2001 సెప్టెంబరు 11వ తేదీ. న్యూయార్కు నగరంలో సెవెంత్ అవెన్యూ మీద, సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రి ముందు స్ట్రెచర్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మీద శుభ్రమైన దుప్పట్లు పరిచారు. పక్కనే చక్రాల కుర్చీలు వరుసగా నిలిపారు. చేతి తొడుగులు వేసుకున్న డాక్టర్లు, నర్సులు దక్షిణ దిక్కుగా చూస్తూ నిలుచున్నారు. అక్కడికి రెండు మైళ్ళ దూరంలో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట సౌధాలు కూలిపోయాయి. ఘోర ప్రమాదాల్లో గాయపడినవారికి సకల చికిత్సలూ చేయగల ఆస్పత్రుల్లో ఆ స్థలానికి అతి సమీపంలో ఉన్నది అదే. వేల సంఖ్యలో క్షతగాత్రులు వస్తారని అందరూ ఎదురుచూశారు.

మొదటి గంటల్లో వందలాది మంది వచ్చారు. పొగకు ఊపిరాడనివారు, ఒళ్ళు కాలినవారు, ఎముకలు విరిగినవారు. ఆ తరవాత అంబులెన్సుల రాక పలచబడింది. మధ్యాహ్నం గడిచి సాయంత్రమైంది. స్ట్రెచర్లు ఖాళీగానే ఉండిపోయాయి. ప్రాణాలతో బయటపడినవారు చాలామంది నడిచే ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలినవారు ఇక రారు. ఆనాడు అక్కడ మరణించినవారి సంఖ్య 2,753.

తరవాతి రోజుల్లో ఆస్పత్రి గోడ నిండా కాగితాలు వెలిశాయి. భర్త ఫొటో పట్టుకుని భార్య, కూతురి ఫొటో పట్టుకుని తండ్రి అక్కడికి వచ్చారు. పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ రాసి, ఎక్కడైనా కనిపిస్తే చెప్పమని గోడకు అంటించి వెళ్ళారు. ఆపద వచ్చినప్పుడు ఎక్కడికి పోవాలో ఆ చుట్టుపక్కలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. వాళ్ళ తాతల నాటినుంచీ కాళ్ళు అటే నడిచాయి.

తొమ్మిదేళ్ళు నిండకుండానే, 2010 ఏప్రిల్ 30న, ఆ ఆస్పత్రి మూతబడింది. నూట అరవై ఏళ్ళపాటు రాత్రింబవళ్ళు తెరచి ఉన్న తలుపులు అవి. వాటిని ఎవరు మూశారన్న ప్రశ్నకు సులభమైన జవాబు ఒకటుంది: అప్పులు. అది నిజమే. కాని అప్పుల కథ ఒక్కటే చదివితే ఆ ఆస్పత్రి ఏమిటో తెలియదు. అది పోయినప్పుడు ఏం పోయిందో అంతకన్నా తెలియదు.

కలరా నాటి అద్దె ఇల్లు

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. కరువు మొదలైంది. బతకడానికి ఓడలెక్కిన ఐరిష్ జనం లక్షల సంఖ్యలో అమెరికా తీరం చేరారు. న్యూయార్కులో వారికి దొరికినవి ఇరుకు గదులు, మురికి వీథులు, కూలి పనులు. వారు కాథలిక్కులు కావడంతో అప్పటి నగర సమాజం వారిని చిన్నచూపు చూసింది. 1849లో నగరాన్ని కలరా చుట్టుముట్టినప్పుడు అందరికన్నా ముందు బలైపోయింది ఆ పేటలే.

సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే సన్యాసినుల సంఘం ఆ ఏడాది నవంబరు 1న తూర్పు పదమూడో వీథిలో ఒక చిన్న ఇటుకల ఇల్లు అద్దెకు తీసుకుంది. అందులో 30 మంచాలు వేసింది. ఆ పనికి పెద్దదిక్కుగా నిలిచినావిడ సిస్టర్ మేరీ ఏంజెలా హ్యూస్. న్యూయార్కు బిషప్ జాన్ హ్యూస్‌కు ఆమె స్వయానా చెల్లెలు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో దీనజనుల సేవకు జీవితం ధారపోసిన విన్సెంట్ డి పాల్ పేరు ఆ ఇంటికి పెట్టారు. అప్పటికి నగరంలో ఉన్న పెద్ద ఆస్పత్రులు న్యూయార్కు హాస్పిటల్, బెల్‌వ్యూ. వాటి తరవాత మూడోది ఇదే.

ఇది ప్రభుత్వ ఆస్పత్రి కాదు. లాభాల కోసం పెట్టిన వ్యాపారమూ కాదు. ఇచ్చుకోగలవారు ఇచ్చింది, దాతలు పంపింది, సన్యాసినులు జీతం లేకుండా చేసిన చాకిరీ, ఈ మూడింటి మీదే అది నడిచింది. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదన్నది మొదటి రోజునుంచీ దాని నియమం. రోగి మతం కూడా అడగలేదు. ఈ నియమమే దానికి పేరు తెచ్చింది. చివరికి దాని ఖాతా పుస్తకాలను చిక్కుల్లో పెట్టిందీ కొంతవరకు ఈ నియమమే.

అద్దె ఇల్లు త్వరలోనే చాలకుండా పోయింది. 1856లో ఆస్పత్రి పడమటి పదకొండో వీథికి, సెవెంత్ అవెన్యూ మూలకు మారింది. అంతకు ముందు అక్కడ ఒక అనాథాశ్రమం ఉండేది. అప్పటినుంచి మూతబడేదాకా దాని చిరునామా అదే. చుట్టూ ఉన్న పేటను గ్రీనిచ్ విలేజ్ అంటారు. న్యూయార్కులో చాలా భాగం వీథులు చదరంగం గళ్ళలా తిన్నగా ఉంటాయి. ఈ పేటలో మాత్రం పాత పల్లె దారుల్లాగే వంకరలు పోతాయి. రేవు కూలీలు, నావికులు, దర్జీ పనివాళ్ళు, చిత్రకారులు, కవులు పక్కపక్కనే నివసించిన పేట అది.

రెండు వసంతాలు, రెండు ఘోరాలు

1911 మార్చి 25 శనివారం సాయంత్రం వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర ఒక పదంతస్తుల భవనంలో నిప్పంటుకుంది. పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీవారి ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే కర్మాగారం ఉంది. అందులో పనిచేసేవారిలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒక ద్వారానికి తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు అంత ఎత్తు అందలేదు. కాలి చనిపోయినవారు కొందరైతే, కిటికీల నుంచి దూకి చనిపోయినవారు కొందరు. మొత్తం 146 మంది. కొన ఊపిరితో ఉన్నవారిని తీసుకువెళ్ళిన చోట్లలో సెయింట్ విన్సెంట్స్ ఒకటి. కర్మాగారానికీ దానికీ మధ్య దూరం ఒక మైలు లేదు.

ఏడాది తిరిగింది. 1912 ఏప్రిల్ 18 రాత్రి, వాన కురుస్తూండగా, కార్పేతియా నౌక హడ్సన్ నది ఒడ్డున 54వ నంబరు రేవుకు చేరింది. మూడు రోజుల ముందు అట్లాంటిక్ సముద్రంలో మునిగిపోయిన టైటానిక్ ఓడలో బతికినవారు 700 మందికి పైగా అందులో ఉన్నారు. మొదటి తరగతి ప్రయాణికుల కోసం బంధువులు, మోటారు కార్లు వచ్చాయి. అడుగు తరగతిలో వచ్చినవారికి ఆ దేశంలో తెలిసినవారు లేరు. చేతిలో చిల్లిగవ్వ లేదు, ఒంటి మీద సరైన బట్టలు లేవు, కొందరికి భాషే రాదు. అటువంటివారిలో వందమందికి పైగా ఆ రాత్రి సెయింట్ విన్సెంట్స్ మంచాల మీద నిద్రపోయారు.

ఈ రెండు సంఘటనల్లోనూ ఆస్పత్రి చేసిన పనిలో వింత ఏమీ లేదు. దగ్గర్లో ఉంది, తెరచి ఉంది, చోటు చేసింది. పేటలో ఉండే ఆస్పత్రి పని అంతే. ఆ మాత్రం పని జరగాలంటే మాత్రం, ఏ ప్రమాదమూ లేని రోజుల్లో కూడా కొన్ని మంచాలు ఖాళీగా, కొందరు మనుషులు మేలుకుని ఉండాలి.

ఇద్దరు కవులు

ఇంగ్లీషు కవిత్వం చదివినవారికి ఈ ఆస్పత్రి పేరు మరో రకంగా పరిచయం. 1892 ఫిబ్రవరిలో మెయిన్ రాష్ట్రంలోని రాక్‌లండు పట్టణంలో ఒక ఆడపిల్ల పుట్టింది. అంతకు కొద్దికాలం ముందు ఆమె మేనమామ ఒక ఓడ ప్రమాదంలో చావు అంచుదాకా పోయాడు. న్యూయార్కులో సెయింట్ విన్సెంట్స్ వైద్యులు ఆయనను బతికించారు. తమ్ముడి ప్రాణం నిలిపిన ఆస్పత్రి పేరును ఆ తల్లి తన బిడ్డకు పెట్టుకుంది. ఆ విధంగా ఆ పిల్ల ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే అయింది. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు ఆమెను ‘విన్సెంట్’ అనే పిలిచేవారు. పెరిగి పెద్దదై ఆమె గ్రీనిచ్ విలేజ్‌కే వచ్చి స్థిరపడింది. 1923లో కవిత్వానికి పులిట్జర్ బహుమతి పొందింది. తన పేరు పుట్టిన ఆస్పత్రికి కూతవేటు దూరంలో ఆమె కొంతకాలం కాపురముంది.

రెండో కవికి అక్కడ బతుకు దక్కలేదు. వేల్స్ దేశపు కవి డిలన్ థామస్ 1953 శరత్కాలంలో కవితా పఠనాల కోసం న్యూయార్కు వచ్చి చెల్సియా హోటల్లో దిగాడు. అతడు మద్యం తాగుతూ గడిపిన ‘వైట్ హార్స్’ అనే పానశాల కూడా ఆ పదకొండో వీథి మీదే ఉంది. నవంబరు 5 తెల్లవారుజామున స్పృహ తప్పిన కవిని సెయింట్ విన్సెంట్స్‌కు తీసుకువచ్చారు. నాలుగు రోజులు స్పృహ రాలేదు. నవంబరు 9న కన్నుమూశాడు. వయసు 39.

మిలే మేనమామ ఓడలో దెబ్బతిన్న మనిషి. థామస్ పరదేశపు బాటసారి. ఇద్దరూ ఒకే తలుపు గుండా లోపలికి వచ్చారు. వారు ఎవరో తెలుసుకున్న తరవాత వారికోసం తెరచిన తలుపు కాదది.

గుండె దగ్గరికి వెళ్ళిన బండి

ధర్మాస్పత్రి అంటే పాతకాలపు వైద్యమని అనుకుంటే పొరపాటు. 1892లోనే అక్కడ నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. 1968లో అదే ఆస్పత్రి వైద్యుడు విలియం గ్రేస్ అమెరికాలో ఒక కొత్త పని ప్రారంభించాడు. గుండెపోటు వచ్చినవారిలో చాలామంది ఆస్పత్రికి చేరకముందే, మొదటి గంటలోనే చనిపోతారు. రోగి వచ్చేదాకా డాక్టరు కూర్చుని ఉంటే లాభం లేదు, డాక్టరే రోగి దగ్గరికి పోవాలి. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టులో ఫ్రాంక్ పాంట్రిజ్ అనే వైద్యుడు 1966లో ఈ పద్ధతి మొదలుపెట్టాడు. గ్రేస్ దాన్ని న్యూయార్కుకు తెచ్చాడు. డాక్టరు, నర్సు, గుండెకు విద్యుత్తుతో ప్రేరణ ఇచ్చే యంత్రం, మందులు, ఇవన్నీ ఎక్కించుకున్న అంబులెన్సు పదకొండో వీథి నుంచి బయలుదేరి రోగి ఇంటికే వెళ్ళేది. అమెరికాలో అటువంటి బండి అదే మొదటిది.

ఇందులోని సూత్రం కూడా పాతదే: దూరం తగ్గితే ప్రాణం నిలుస్తుంది. 1849లో సన్యాసినులు రోగుల పేటలోనే ఇల్లు అద్దెకు తీసుకున్నారు. 1968లో వైద్యుడు ఆస్పత్రినే రోగి గుమ్మం ముందుకు నడిపించాడు.

పేరు పలకడానికి భయపడిన జబ్బు

1981లో అమెరికా వైద్యులు ఒక వింత జబ్బును గుర్తించారు. పడుచువాళ్ళు, అంతవరకూ ఆరోగ్యంగా ఉన్నవారు, మామూలుగా రాని నిమోనియాతోను, అరుదైన చర్మ కేన్సరుతోను వరుసగా చనిపోసాగారు. మొదట గుర్తించినవారిలో ఎక్కువమంది స్వలింగ ప్రియులైన మగవారు. ఆ జబ్బుకే తరవాత ఎయిడ్స్ అని పేరు వచ్చింది. గ్రీనిచ్ విలేజ్ అటువంటివారు చాలాకాలంగా తలదాచుకున్న పేట. తమ హక్కుల కోసం వారు పోలీసుల మీద తిరగబడిన స్టోన్‌వాల్ సంఘటన 1969లో జరిగింది ఆ ఆస్పత్రికి కొద్ది వీథుల అవతలనే.

ఆ రోజుల్లో చాలాచోట్ల రోగి గదిలోకి అడుగు పెట్టడానికే సిబ్బంది జంకారు. భోజనం పళ్ళెం గది గుమ్మం బయటే పెట్టి పోయేవారు. శవాన్ని తీసుకోవడానికి అంత్యక్రియలు చేసే సంస్థలు కొన్ని నిరాకరించాయి. కన్నవారే మొహం చాటేసిన సందర్భాలున్నాయి. 1984లో సెయింట్ విన్సెంట్స్ ఎయిడ్స్ రోగులకోసం ఒక ప్రత్యేక వార్డు తెరిచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అంతకు ముందటి ఏడు తెరిచినది మొదటిది. అమెరికా తూర్పు తీరంలో ఇదే మొదటిది.

స్వలింగ ప్రియత్వాన్ని పాపంగా చెప్పే మత సంస్థకు చెందిన ఆస్పత్రి అది. పేటలోని రోగులకు ఆ సంగతి తెలుసు. ఘర్షణలు లేకుండా ఆ పని జరగలేదు. తమను అవమానించారని రోగుల పక్షాన నిలిచినవారు ఆస్పత్రి ఎదుటే నిరసనలు చేశారు. ఆస్పత్రివారు విన్నారు, కొన్ని పద్ధతులు మార్చుకున్నారు. సిద్ధాంతంలో ఉభయులకూ పొత్తు కుదరలేదు. మంచం పక్కన మాత్రం కుదిరింది. నర్సులు తొడుగులు లేకుండానే రోగి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మందు లేని జబ్బుకు అంతకన్నా మందు ఆనాడు ఎవరి దగ్గరా లేదు.

ఆ మహమ్మారి న్యూయార్కు నగరం ఒక్కదానిలోనే లక్షమందికి పైగా మనుషులను పొట్టన పెట్టుకుంది. 1996 ప్రాంతంలో అనేక మందులు కలిపి వాడే కొత్త చికిత్స వచ్చింది. చావు తప్పదనుకున్నవారు లేచి ఇళ్ళకు వెళ్ళారు. వార్డులో మంచాలు ఖాళీ అయ్యాయి. వైద్యశాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో అది ఒకటి. ఆస్పత్రి లెక్కల పుస్తకంలో మాత్రం ఖాళీ మంచం అంటే రాబడి లేని మంచం.

లెక్కలు తప్పిన కాలం

అత్యవసర విభాగానికి వచ్చిన ఏ రోగినైనా, డబ్బున్నా లేకపోయినా, పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. సెయింట్ విన్సెంట్స్ నూట ముప్ఫై ఏళ్ళకు పైగా చేస్తున్న పనే ఆనాటికి చట్టమైంది. కాని ఆ ఖర్చు ఎవరు భరించాలో చట్టం చెప్పలేదు. పేదలకు ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ బీమా సొమ్ము అసలు ఖర్చుకు చాలేది కాదు. ప్రైవేటు బీమా కంపెనీలు బేరమాడి రేట్లు తగ్గించాయి. పెద్ద పెద్ద ఆస్పత్రుల కూటములకు బేరమాడే బలం ఉంది. ఒంటరి ఆస్పత్రికి లేదు. ఒకనాడు వారం పది రోజులు పడుకోవలసిన ఆపరేషన్లకు ఇప్పుడు ఒక రోజు చాలు. కొన్నింటికి అదీ అక్కరలేదు. ఇక పూర్వం జీతం లేకుండా పనిచేసిన సన్యాసినుల సంఖ్య ఏటేటా తగ్గిపోయింది.

పేట కూడా మారిపోయింది. రేవు మూతబడింది, కూలీలు వెళ్ళిపోయారు. పాత ఇటుకల ఇళ్ళు కోట్ల ధర పలికాయి. కొత్తగా వచ్చిన శ్రీమంతులు రాత్రివేళ కాలు బెణికితే సెయింట్ విన్సెంట్స్‌కే పరిగెత్తేవారు. ముందుగా తేదీ నిర్ణయించుకున్న ఆపరేషనుకు మాత్రం నగరం పైభాగంలోని పేరుమోసిన ఆస్పత్రులకు వెళ్ళేవారు. రాబడి తెచ్చే రోగులు అటు, ఖర్చు తెచ్చే రోగులు ఇటు. పేటవారికి ఆ ఆస్పత్రి అంటే అభిమానం ఉంది. అవసరమే అప్పుడప్పుడూ.

బలం కోసం 2000లో సెయింట్ విన్సెంట్స్ బ్రూక్లిన్, క్వీన్స్, స్టాటెన్ ఐలండు ప్రాంతాల్లోని ఇతర కాథలిక్ ఆస్పత్రులతో విలీనమైంది. వాటిలో చాలావాటికి నష్టాలున్నాయి. మునిగే పడవలు నాలుగింటిని ఒక్క తాడుతో కట్టినట్లయింది. 2005 జులైలో సంస్థ దివాలా రక్షణ కోరింది. ఒక్కొక్క ఆస్పత్రినీ అమ్ముకుంటూ 2007లో బయటపడింది. అప్పులు మాత్రం తీరలేదు. న్యూయార్కులో ఆస్పత్రులు మరీ ఎక్కువయ్యాయని, కొన్ని మూసెయ్యాలని 2006లో రాష్ట్ర ప్రభుత్వ సంఘం ఒకటి సిఫారసు చేసింది. ఆ జాబితాలోని కాబ్రిని ఆస్పత్రి 2008లో మూతబడింది. నగర మధ్యభాగంలో సెయింట్ విన్సెంట్స్‌కున్న శాఖ అంతకు ముందే 2007లో మూతబడింది.

ఆ రోజుల్లోనే బతికిబట్టకట్టడానికి ఆస్పత్రి ఒక పథకం వేసింది. పాత భవనాల స్థలాన్ని గృహ నిర్మాణ సంస్థకు అమ్మి, ఆ డబ్బుతో సెవెంత్ అవెన్యూ అవతలి పక్కన ఆధునిక ఆస్పత్రి కట్టాలని సంకల్పించింది. అవతల ఉన్నది ఆల్బర్ట్ లెడ్నర్ రూపకల్పన చేసిన విచిత్రమైన తెల్లటి భవనం. 1964లో నావికుల కార్మిక సంఘం కోసం కట్టినది. చూడటానికి ఓడలా ఉంటుంది. తరవాత ఆస్పత్రివారు దాన్ని కొని క్లినిక్కులు పెట్టారు. ఇప్పుడు దాన్ని కూల్చి పెద్ద ఎత్తైన ఆస్పత్రి కడతామన్నారు. చారిత్రక ప్రాంతం రూపు చెడుతుందని పేటలో చాలామంది గట్టిగా వ్యతిరేకించారు. వారి వాదన అన్యాయమైనది కాదు. పట్టణపు అందమూ ప్రజల సొత్తే. 2008 మే నెలలో చారిత్రక కట్టడాల సంఘం కూల్చివేతకు ఒప్పుకోలేదు. ఆస్పత్రి తన ఆర్థిక ఇబ్బందిని విన్నవించుకున్నాక, అక్టోబరులో స్వల్ప ఆధిక్యంతో అంగీకరించింది. అనుమతి చేతికి వచ్చేసరికి అమెరికా బ్యాంకులు కుప్పకూలుతున్నాయి. అప్పు పుట్టే కాలం దాటిపోయింది.

2010 తొలి నెలల్లో అప్పు వంద కోట్ల డాలర్ల ప్రాంతానికి చేరింది. నిర్వహణ సరిగా లేదన్న విమర్శలూ చెలరేగాయి. ఇతర సంస్థలతో జరిపిన సంప్రదింపులు ఫలించలేదు. ఏప్రిల్ 6న పాలకవర్గం మూసివేతకు ఓటు వేసింది. పేట ప్రజలు అప్పుడు వీథుల్లోకి వచ్చారు. కొవ్వొత్తులు వెలిగించారు, సభలు జరిపారు, సంతకాలు సేకరించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరికీ తెలిసిన కథే. ఏప్రిల్ 30 ఉదయం అత్యవసర విభాగం మూసేశారు. వేలాది ఉద్యోగులు వీథిన పడ్డారు. వారిలో తమ యౌవనమంతా అక్కడే గడిపిన నర్సులు ఉన్నారు.

తలుపు మూసిన తరవాత

ఆస్పత్రి స్థలాన్ని 26 కోట్ల డాలర్లకు ఒక ప్రసిద్ధ గృహ నిర్మాణ సంస్థ కొన్నది. వార్డులు, ఆపరేషన్ గదులు ఉన్నచోట దాదాపు 200 విలాస గృహాలు లేచాయి. కలరా రోగుల కోసం వెలసిన సంస్థ చిరునామాలో ఇప్పుడు నగరంలోకెల్లా ఖరీదైన ఇళ్ళు కొన్ని ఉన్నాయి.

ఓడలాంటి తెల్ల భవనం మాత్రం కూలలేదు. దాన్ని బాగుచేసి, 2014లో మరో వైద్య సంస్థ ఇరవైనాలుగు గంటలూ పనిచేసే అత్యవసర చికిత్సా కేంద్రం తెరిచింది. ఆస్పత్రి బతకడానికి కూల్చాలనుకున్న భవనమే చివరికి ఆ పేటలో మిగిలిన వైద్యానికి నీడ అయింది. అక్కడికి అంబులెన్సులు వస్తాయి, డాక్టర్లుంటారు, తొలి చికిత్స జరుగుతుంది. రోగిని చేర్చుకుని రోజుల తరబడి ఉంచే వార్డులు లేవు. ఆస్పత్రిలో పడుకోవలసినవారిని అక్కడినుంచి మరోచోటికి తీసుకుపోతారు.

మూసివేతను సమర్థించినవారు చెప్పిన మాట ఒకటుంది. పక్కనే వేరే ఆస్పత్రులున్నాయి, ఒకటి పోతే కొంప మునగదని. మామూలు రోజుల్లో ఆ మాట నిజం. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను వచ్చింది. నది పొంగి మన్‌హటన్ దక్షిణ భాగం చీకట్లో మునిగింది. తూర్పు తీరాన ఉన్న ఎన్‌వైయూ లాంగోన్ ఆస్పత్రిలో విద్యుత్తు పోయింది. 300 మందికి పైగా రోగులను ఖాళీ చేయించవలసి వచ్చింది. ఊపిరి యంత్రాల మీద ఉన్న పసికందులను నర్సులు చేతుల్లో పెట్టుకుని, చేత్తోనే గాలి అందిస్తూ, చీకటి మెట్లు దిగారు. తరవాతి రోజుల్లో పక్కనున్న బెల్‌వ్యూ కూడా ఖాళీ అయింది. దీవికి పడమటి పక్కన సెయింట్ విన్సెంట్స్ ఉండి ఉంటే అన్న మాట అప్పుడు చాలామంది నోట వినిపించింది.

మరి ఎనిమిదేళ్ళకు, 2020 మార్చిలో, కోవిడ్ వచ్చింది. పడకలు చాలక సెంట్రల్ పార్కు పచ్చికలో గుడారాలు వేశారు. ప్రదర్శనశాలను ఆస్పత్రిగా మార్చారు. మార్చి 30న నౌకాదళపు ఆస్పత్రి ఓడ హడ్సన్ నదిలోకి వచ్చి లంగరు వేసింది. మంచాలు ఎక్కువయ్యాయని జాబితాలు రాసిన నగరం మంచాల కోసం మైదానాల్లో వెదికింది. ఆ తరవాతా మూసివేతలు ఆగలేదు. దక్షిణ మన్‌హటన్ తూర్పు పక్కన నూరేళ్ళకు పైగా పనిచేసిన బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రి 2025లో మూతబడింది.

అన్నిటికీ మొదలైన సన్యాసినుల సంఘం కూడా తన చివరి అధ్యాయానికి వచ్చింది. ఇకమీదట కొత్తవారిని చేర్చుకోకూడదని సిస్టర్స్ ఆఫ్ చారిటీ 2023లో తీర్మానించుకున్నారు. ఉన్నవారు ఉన్నన్నాళ్ళు సేవ చేస్తారు. వారితో ఆ పరంపర ముగుస్తుంది.

ఖాళీ మంచం విలువ

సెయింట్ విన్సెంట్స్ కథలో ఒక దుష్టుడి కోసం వెదకడం వృథా. బీమా కంపెనీలు తమ లెక్క తాము చూసుకున్నాయి. ప్రభుత్వం తన బడ్జెట్ చూసుకుంది. పాలకవర్గం తప్పులు చేసింది, దిద్దుకోబోయి మరికొన్ని చేసింది. పేటవారు తమ వీథి అందాన్ని కాపాడుకోబోయారు. ఎవరి లెక్క వారికి సరిపోయింది. అందరి లెక్కలూ కలిపి చూసేసరికి ఆస్పత్రి మిగలలేదు.

ఎందుకంటే ఆ లెక్కల్లో ఒక అంశం ఎక్కడా చేరలేదు. చేసిన చికిత్సకు బిల్లు ఉంటుంది. ఇచ్చిన మందుకు ధర ఉంటుంది. చికిత్స చేయడానికి సిద్ధంగా మేలుకుని ఉన్నందుకు బిల్లు ఎవరికి పంపాలి? టైటానిక్ బాధితుల కోసం దొరికిన వంద మంచాలు ఆ ముందురోజు రాత్రి వృథాగానే కనిపించి ఉంటాయి. 2001 సెప్టెంబరు 11 సాయంత్రం సెవెంత్ అవెన్యూ మీద ఖాళీగా ఉన్న స్ట్రెచర్లను చూసి ఎవరూ వృథా అనలేదు. ఇల్లు తగలబడుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టే మనిషిని చూసి లోకం నవ్వుతుంది. ఏ మంటా లేనప్పుడు నిండుగా ఉన్న బావిని చూసి, ఇన్ని నీళ్ళు ఎందుకని పూడ్చేస్తే దాన్ని పొదుపు అంటుంది.

మూతబడిన ఆస్పత్రికి ఎదురుగా ఉన్న ముక్కోణపు స్థలాన్ని ఇప్పుడు చిన్న ఉద్యానంగా మార్చారు. 2016 డిసెంబరు 1న అక్కడ ఎయిడ్స్ మృతుల స్మారకాన్ని ప్రారంభించారు. తెల్లటి ఉక్కు త్రికోణాలతో అల్లిన పందిరి అది. కింద పరచిన నల్లరాతి పలకల మీద వాల్ట్ విట్మన్ కవిత చెక్కి ఉంది. అంతర్యుద్ధ కాలంలో సైనిక ఆస్పత్రుల్లో మంచం మంచానికీ తిరిగి, గాయపడినవారి పక్కన కూర్చున్న కవి ఆయన. ఆ ఎంపిక ఆ చోటికి తగినదే.

సాయంత్రాలు ముసలివాళ్ళు ఆ పందిరి కింద బెంచీల మీద కూర్చుంటారు. ఎదురుగా ఉన్న తెల్ల భవనం ముందు అప్పుడప్పుడూ ఒక అంబులెన్సు ఆగుతుంది. కాసేపటికి మరొక అంబులెన్సు అక్కడినుంచే బయలుదేరుతుంది. లోపల ఒక రోగి ఉంటాడు. అతడికి ఒక మంచం కావాలి. అది పదకొండో వీథి మూల దాటి, వేరే పేటలోని ఆస్పత్రి వైపు సాగిపోతుంది.